ఆరడుగుల అంగుళం మొగుడు

మా ఆయన ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఈ మాట నేను అనడం లేదు, మా ఊరు తాలిసాయ్ పొలిమేరలో గోడ అంటోంది. ఆ గోడ మీద మా ఆయన నిలువెత్తు బొమ్మ ఉంది. చేతిలో బంతి, పక్కన ఎర్రటి అక్షరాల్లో 'వెన్సీ పాల్మారెస్, ఆరడుగుల ఒక అంగుళం, తాలిసాయ్ ముద్దుబిడ్డ' అని. బొమ్మ వేసినవాడు మూతి కాస్త వంకరగా పెట్టాడు గానీ, ఎత్తు దగ్గర మాత్రం పిసినారితనం చూపించలేదు.

నేను ఆయన పెళ్లాన్ని, లూడింగ్‌ని. బజారు మూల బాచోయ్ దుకాణం నాదే. మా ఇలోయిలో ప్రాంతంలో పంది కాలేయం వేసిన ఆ వేడి నూడుల్స్ పులుసు దిగకపోతే ఎవరికీ తెల్లవారదు. ఇరవై ఏళ్లు దాటింది ఈ మనిషితో కాపురం మొదలుపెట్టి. ఎత్తు సంగతి నాకు తెలియదా? పై అర మీద బియ్యం డబ్బా దించాలంటే ఆయన స్టూలు వెతుక్కుంటాడు. నేను చెయ్యి చాపి దించేస్తాను. అయినా పైకి అననమ్మా. కొన్ని సంగతులు తెలిసి ఊరుకోవడానికే ఉంటాయి.

మా ఆయన మనీలాలో పెద్ద లీగులో బాస్కెట్‌బాల్ ఆడాడు. స్టారని అనుకునేరు, అంత లేదు. ఈ జట్టువాడు ఆ జట్టుకిచ్చేవాడు, ఆ జట్టువాడు ఇంకో జట్టుకిచ్చేవాడు. పెళ్లిళ్లలో చేతులు మారే గోడ గడియారంలా తిరిగాడు. మొదట చేపల డబ్బాల జట్టు. తర్వాత గోడరంగుల జట్టు. తర్వాత దగ్గుమందు, ఇంజను ఆయిలు, నూడుల్స్. ఏ కంపెనీకి ఆడితే ఆ సరుకు పెట్టెలకొద్దీ ఇంటికొచ్చేది. చేపల ఏడాది పిల్లి సైతం మొహం తిప్పుకుంది. ఒక ఏడాది విరేచనాల మాత్రల కంపెనీకి ఆడాడు. ఛాతీ మీద ఆ మాత్రల పేరు, వీపు మీద మా ఇంటి పేరు. ఆ ఏడాది చుట్టాలెవరూ మా ఇంట్లో భోజనానికి కూర్చోలేదు. నా దుకాణంలోనూ బేరం సగానికి పడిపోయింది.

ఇంతకీ ఆయన పనితనం ఏమిటంటే, పడిపోవడం. ఎదుటి జట్టు వస్తాదు బంతి పట్టుకుని బస్సులా దూసుకొస్తుంటే వాడి దారిలో నిలబడాలి, తగిలీ తగలకముందే వెల్లకిలా పడిపోవాలి. రిఫరీ ఈల వేస్తాడు. తప్పు వాడిది, బంతి మనది. అంత బాగా పడేవాడు ఈ దీవుల్లో లేడని పత్రికలవాళ్లు కూడా రాశారు. లోకంలో నిలబడ్డందుకు జీతమిచ్చేవాళ్లని చూశాం గానీ, పడ్డందుకు జీతం తీసుకున్నవాడు మా ఆయనే.

కప్పు మాత్రం ఒక్కటీ దక్కలేదు. చేపలవాళ్లు ఈయన్ని వదిలించుకున్న ఏడాదే కప్పు గెలిచారు. రంగులవాళ్లూ అంతే. ఇంజను ఆయిలువాళ్లు ఈయన్ని పంపేసిన నెలకే గెలిచారు. చివరికి కోచ్‌లంతా ఒక మాట అనుకున్నారట: 'వెన్సీని తెచ్చుకోండి, ఆ తర్వాత తీసెయ్యండి, కప్పు దానంతటదే వస్తుంది.' మొదటి జీతంతో ఈయన కప్పులు పెట్టుకోవడానికని అద్దాల బీరువా చేయించాడు. దాన్లో ఇన్నాళ్లూ నేను పులుసు గిన్నెలు పెట్టుకుంటున్నాను. పై అర మాత్రం ఖాళీగా ఉంచమన్నాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ఖాళీ అరను గుడ్డతో తుడుస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, కడుపు తరుక్కుపోతుంది, రెండూ ఒకేసారి.

మా పెళ్లికథ కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర ఊరి పండగ పోటీల్లో జట్టుకి బంతి లేకపోయినా నడుస్తుంది గానీ, జట్టు సుందరి లేకపోతే నడవదు. తొలిరోజు ఊరేగింపులో జట్టు పేరున్న పట్టీ కట్టుకుని, కెప్టెన్ చెయ్యి పట్టుకుని ఆవిడ ముందు నడవాలి. ఆ ఏడాది తాలిసాయ్ సుందరిని నేను. కెప్టెన్ వెన్సీ. నేను పుట్టుకతోనే పొడగరిని, పైగా మా అత్త ఇచ్చిన ఎత్తు మడమల ఎర్ర చెప్పులు వేసుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే అబ్బాయి చెవి నా గడ్డం దగ్గరుంది. పాపం మెడ సాగదీశాడు, రొమ్ము విరిచాడు, మునివేళ్ల మీద లేచాడు. ఊరంతా చూస్తోంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఎందుకో నాకు జాలేసింది. జాలి అన్నానా? సరే, జాలే అనుకోండి. "అబ్బా, చెప్పు కరుస్తోంది" అని రెండూ విప్పి చేత్తో పట్టుకున్నాను. ఎండకి కోర్టు పెనంలా కాలిపోతోంది. చుట్టూ తిరిగొచ్చేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ఆ మాట ఆయన నిజమని నమ్మాడు. నా పాదాలు మహా సుకుమారమని ఊరందరికీ చెప్పుకున్నాడు. పెళ్లిలోనూ నేను చదును చెప్పులే వేసుకున్నాను. ఏ ఊళ్లో ఆడినా అక్కణ్నించి నాకు చదును చెప్పులే తెచ్చేవాడు. సెబూ చెప్పులు, దవావో చెప్పులు, బాగియో ఉన్ని చెప్పులు. ఎర్ర చెప్పులు అద్దాల బీరువా అడుగు అరలో పడి ఉన్నాయి.

ఇక అసలు సంగతి. రెండేళ్ల క్రితం ఆఖరి జట్టు కూడా ఈయన్ని వద్దంది. ఈసారి ఇంకో జట్టు రమ్మనలేదు. ఇంటికొచ్చి నా దుకాణంలో ఉల్లికాడలు తరుగుతున్నాడు. ఈ ఏడాది మా ఊరి పండగ పోటీ 'ఆరడుగుల లోపు' వాళ్లకి పెట్టారు. పొడుగువాళ్లని బయటినుంచి అద్దెకు తెచ్చుకోకుండా ఆ నియమం. కోర్టు మధ్యలో రెండు గుంజలు పాతి, వాటి మీద సరిగ్గా ఆరడుగుల ఎత్తున వెదురు బద్ద ఊరికే ఆనించి పెడతారు. ప్రతి ఆటగాడూ చెప్పుల్లేకుండా దాని కింద నుంచి నిటారుగా నడవాలి. బద్ద పడిందా, మనిషి అవుట్. ఆరడుగుల ఒక అంగుళం మొనగాడు కాబట్టి మా ఆయన్ని ఎవరూ పిలవనే లేదు. సలహాదారు అని కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఈయన లేని మహిమో ఏమో, తాలిసాయ్ ఫైనల్‌కి వచ్చేసింది. ఎదుట పక్కూరు బుకల్ జట్టు. అప్పుడు మా జట్టు మూలస్తంభం జునెల్ తను నడిపే ట్రైసికిల్ ఆటో కిందే కాలు పెట్టుకున్నాడు. దెబ్బ తగిలినవాడి బదులు ఒకణ్ని తీసుకోవచ్చు. ఊరి పెద్ద కపితాన్ ఎలీ నా దుకాణానికి వచ్చి, రెండు గిన్నెల బాచోయ్ ముందు పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టాడు.

"కర్మ చూడు వెన్సీ! దేశమంతా ఆడావు. సొంత ఊరికి ఆడదామంటే నీ ఎత్తే అడ్డం. ఒక్క రెండంగుళాలు తక్కువ పుట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

మా ఆయన ఉల్లికాడ తరుగుతున్నాడు. అది అయిపోయినా చెక్క మీద కత్తి ఆడిస్తూనే ఉన్నాడు. నేను గరిటెతో కుండ అంచు మీద ఠంగుమని కొట్టాను. చెప్పు మనిషీ, నోరు విప్పు!

"ఏం చేస్తాం కపితాన్," అన్నాడు మా ఆయన నిట్టూర్చి. "దేవుడిచ్చిన ఎత్తు."

ఆ దేవుడు విని ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వి ఉంటాడు. కపితాన్ వెళ్లాక ఈయన లోపలికి పోయి బీరువా ముందు నిలబడ్డాడు. ఆదివారం కూడా కాదు. అయినా గుడ్డ తీసి ఖాళీ అర తుడుస్తున్నాడు. ఇదే ఆఖరి అవకాశమని ఆయనకు తెలుసు. నలభై మూడేళ్లవాణ్ని వచ్చే ఏడాది ఎవడు పిలుస్తాడు? నోటిదాకా వచ్చింది నాకు, 'నీ ఎత్తు నాకు తెలుసు, పోయి ఆడు' అని. కానీ ఇన్నేళ్లు తెలిసి ఊరుకున్నానని తెలిస్తే మనిషి అక్కడే కూలబడతాడేమోనని మింగేశాను.

మర్నాడు పొద్దున్నే కాఫీ దగ్గర కొత్త శాస్త్రం ఎత్తుకున్నాడు.

"లూడింగ్, మనిషి కుంగిపోతాడంట, తెలుసా?"

"దిగులుతోనా?"

"దిగులుతో కాదే, ఎత్తులో. వెన్నుపూసల మధ్య మెత్తటిది ఏదో ఉంటుందంట. మాటిమాటికీ కింద పడితే అది నలిగిపోతుందంట. మరి నేను పడ్డన్నిసార్లు ఎవడు పడ్డాడు చెప్పు?"

"నిజమే సుమా," అన్నాను. "ఈ మధ్య నువ్వు కాస్త తగ్గినట్టే ఉన్నావు."

ఆయన మొహం మాడిపోయింది. "ఎంత తగ్గినట్టు?"

"కొంచెమేలే."

"అదీ! కొంచెమే. రెండంగుళాల లోపే."

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఊరి కోసం పడీ పడీ వెన్సీ కుంగిపోయాడని ముసలమ్మలు గుండెల మీద సిలువ వేసుకున్నారు. కపితాన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ బుకల్ జట్టు పెద్ద ఇంజినీర్ సుమగయ్‌సయ్ ఊరుకునే రకమా? ఫైనల్ రోజు సాయంత్రం కోర్టు మధ్యకొచ్చి వేలెత్తి అరిచాడు.

"మీ ఊరి గోడ మీద మీరే రాసుకున్నారు కదయ్యా ఆరడుగుల ఒకటి అని! ఆ రంగు వేయించింది మేమా?"

"అది పాత కొలత ఇంజినీర్!" అన్నాడు కపితాన్. "ఇప్పుడు మనిషి కుంగాడు."

"కుంగడానికి వాడేమన్నా వంతెనా? పెట్టండి బద్ద!"

పోటీ నడిపించే మాస్త్రో రిటైరైన బడిపంతులు. ఆయన కళ్లజోడు తుడుచుకుని వెదురు బద్ద పెట్టించాడు. ఇంజినీర్ బద్దకి ఒక పక్క గొంతుకూర్చుని మోకాళ్లు వంగుతాయేమోనని చూస్తున్నాడు. మాస్త్రో రెండో పక్క నిలబడి మెడ వంగుతుందేమోనని చూస్తున్నాడు. ఆ బద్ద కింద అందరూ పొట్టిగా కనబడాలనే దొంగాటలాడతారు మరి. మడమల వంక చూసే పని ఎవరికీ ఎన్నడూ పడలేదు.

మా ఆయన చెప్పులు విడిచి నడక మొదలుపెట్టాడు. అంతలో మావాళ్లు, తాలిసాయ్ జనం, బుద్ధిలేని జనం, ఆయన్ని ఉత్సాహపరచడానికి ఒక్కసారిగా అందుకున్నారు. "ఆరడుగుల ఒకటి! ఆరడుగుల ఒకటి!" చప్పట్లు, డప్పులు.

చూస్తుండగానే ఆయన మెడ సాగింది. రొమ్ము ముందుకొచ్చింది. అయ్యో అయ్యో అంటున్నాను నేను లోలోపల. మడమలు రెండూ నేల విడిచి లేచాయి. కావాలని చేశాడనను. జనం చూస్తుంటే మడమలు దించి నిలబడటం ఆ మనిషికి చేతకాదు, అంతే. బద్ద ఆయన నుదుటికి తగిలి టప్పున కింద పడింది.

"చూశారా! గోడ అబద్ధం చెప్పదు!" అని ఇంజినీర్ ఎగిరి గంతేశాడు. మా కపితాన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. కుంగినవాడు మళ్లీ ఎలా లేచాడని ముసలమ్మలు వాదులాడుకుంటున్నారు. మా ఆయన బద్ద వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం నేను ఒక్కో జట్టు ఆయన్ని వదిలేసినప్పుడల్లా చూశాను. బస్సు దిగి, సంచీ గుమ్మంలో పెట్టి, 'ఏం లేదులే' అనేవాడు.

మాస్త్రో పెద్దమనిషి. "గాలికి కదిలి ఉండొచ్చు. ఇంకొక్కసారి. ఇదే ఆఖరు," అన్నాడు. గాలి ఎక్కడుంది? ఆకు కదలడం లేదు.

బద్ద మళ్లీ పెట్టారు. మావాళ్లు మళ్లీ అదే కేక. ఆయన మెడ మళ్లీ సాగుతోంది. ఇక నావల్ల కాలేదు. దుకాణంలోంచి పట్టుకొచ్చిన గరిటె చేతిలో ఉండగానే జనాన్ని తోసుకుంటూ కోర్టులోకి వెళ్లిపోయాను.

"నోళ్లు మూయండి అందరూ!" అన్నాను. బజారులో బతికే గొంతు నాది, అందరూ మూశారు. "వెన్సీ! ఆ రోజు నా చెప్పు కరవలేదు."

"ఇక్కడ చెప్పుల గొడవేంటమ్మా?" అన్నాడు ఇంజినీర్.

"మీతో కాదు ఇంజినీర్, మా ఆయనతో మాట్లాడుతున్నాను. వినబడిందా వెన్సీ? కరవలేదు. అవి నా కాళ్లకి కుట్టించినట్టు సరిపోయాయి."

ఆయన నా వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి, అచ్చం ఆ రోజులాగే.

"అంటే, అప్పుడే తెలుసా నీకు?"

"అప్పుడే తెలుసు."

"మరి పెళ్లి?"

"తెలిసే చేసుకున్నాను. కొలతలేసుకుని చేసుకునేదాన్నయితే కొబ్బరి చెట్టుని చేసుకునేదాన్ని. మీద కాయలన్నా ఉండేవి."

జనం నవ్వారు, దేనికి నవ్వుతున్నారో వాళ్లకే తెలియదు. ఆయన నవ్వలేదు. ఎన్నో ఏళ్లుగా బిగబట్టిన ఊపిరేమో, పెద్దగా వదిలాడు. భుజాలు దిగాయి. మెడ దిగింది. కుడి మడమ నేలకి ఆనింది, తర్వాత ఎడమది. అలా నిలబడి మామూలుగా, మా వంటింట్లోంచి వసారాలోకి నడిచినట్టు, బద్ద కింద నుంచి నడిచిపోయాడు.

తగలడం మాట అలా ఉంచి, బద్దకీ నెత్తికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు! ముందు వరసలోంచి ఒక ముసలమ్మ గట్టిగా ఏడ్చేసింది. "అయ్యో నాయనా, ఇంత కుంగిపోయావా!"

ఇక ఆట. నాకు అంకెలు గుర్తుండవు గానీ, ఆఖరి క్షణాల్లో మేము ఒక్క పాయింటు పైన ఉన్నామని మాత్రం తెలుసు. బంతి బుకల్ వాళ్లది. వాళ్లలో ఎడ్లబండంత కుర్రాడు, ఇంజినీర్ మేనల్లుడే, దున్నలా దూసుకొస్తున్నాడు. దారిలో మా ఆయన నిలబడ్డాడు. మామూలుగా అయితే తగలకముందే పడిపోవాలి. ఈయన పడడే! పడు మనిషీ, పడు, అని నేను అరుస్తున్నాను. మడమలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడ్డాడు. ఆ కుర్రాడు వచ్చి ఛాతీ మీద ఢీకొంటే అప్పుడు పడ్డాడు, ఈ జన్మలో మొదటిసారి నిజంగా. ఈల మోగింది.

పరిగెత్తుకెళ్లాను. కళ్లు మూసుకుని ఉన్నాడు.

"గెలిచామా?"

"ముందు లే నువ్వు."

"గెలిచామా చెప్పవే!"

"గెలిచాం. తప్పు వాడిదే. లే ఇక, ఇంకా కుంగిపోతావు."

అలాగే పడుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి? చుట్టూ జనం బతికున్న పందిని బహుమతిగా మోసుకొచ్చారు. అది మా ఇద్దరికంటే గట్టిగా ఏడుస్తోంది.

కప్పు అందుకోవడానికి కెప్టెన్ బదులు మా ఆయన్ని వెళ్లమన్నారు కుర్రాళ్లు. పక్కన జట్టు సుందరి నడవాలి కదా. కపితాన్ మేనకోడలు కిరీటం సర్దుకుని సిద్ధంగా నిలబడింది. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు దండం పెడతాను తల్లీ, ఏమనుకోకు. మా సుందరి వేరే ఉంది." అని నా వైపు తిరిగాడు. "బీరువా అడుగు అరలో ఉన్నాయిగా. పోయి వేసుకుని రా."

"మతి పోయిందా? పులుసు వాసన కొడుతున్నాను."

"కొట్టనీ. నేనేం మల్లెపూల వాసన కొడుతున్నానా?"

ఇల్లు కోర్టు వెనకే. వెళ్లి దుమ్ము దులిపి వేసుకున్నాను. తోలు ఎండి చెక్కలా బిగుసుకుపోయింది, నా పాదాలేమో ఈ ఏళ్లలో వెడల్పయ్యాయి. ఎలాగో దూర్చి, టకటకమని వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన చెవి మళ్లీ నా గడ్డం దగ్గరికొచ్చింది. జనం చూస్తున్నారు, కొందరు కిసుక్కుమన్నారు. ఆయన మడమలు లేస్తాయేమోనని కిందికి చూశాను. లేవలేదు.

పైనుంచి చూస్తే నడినెత్తిన రూపాయి బిళ్లంత బట్టతల కనబడింది. ఈ మనిషి నిలబడి ఉండగా అది నాకెన్నడూ కనబడలేదు. అవతల వేదిక మీద కప్పు మెరుస్తోంది. ఆయన మెడదాకా ఉంది, ఆ బీరువాలో ఏ అరలోనూ పట్టదు.

"ఏంటలా నడుస్తున్నావు?" అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "చెప్పు కరుస్తోందా?"

"లేదు," అన్నాను.

ఈసారి రెండూ నిజంగానే కరుస్తున్నాయి. వేదిక దాకా అలాగే నడిచాను.